నాలుగో తరగతిలో చదవలేని ఆరుగురు: అందరిదీ డిస్లెక్సియానేనా?

మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతికి పాఠాలు చెబుతున్న ఒక టీచరు గారు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. తరగతిలో ఇరవై ఎనిమిది మంది ఉన్నారు; వారిలో ఆరుగురు రెండో తరగతి వాచకాన్ని కూడా చదవలేకపోతున్నారు. ఆ ఆరుగురిలో ఒక అబ్బాయి విన్న కథను పూసగుచ్చినట్టు తిరిగి చెబుతాడు, వాళ్ల నాన్న కూరగాయల బండి దగ్గర చిల్లర లెక్కలు నోటితోనే తేలుస్తాడు, పుస్తకం తెరిస్తే మాత్రం ఒక్క వాక్యానికి అర నిమిషం తీసుకుంటాడు. ఇంటర్నెట్‌లో దొరికిన లక్షణాల పట్టిక ప్రకారం డిస్లెక్సియా (తెలివికి లోటు లేకపోయినా చదవడంలో మాత్రం పుట్టుకతో వచ్చే ఇబ్బంది) ఉన్న పిల్లలు అక్షరాలను తిరగేసి రాస్తారట, ఈ అబ్బాయి అలా రాయడు. మరి ఇది డిస్లెక్సియా అవునా, కాదా, అయితే తరగతి గదిలో తాను ఏం చేయాలి అన్నది ఆమె సందేహం.

ప్రత్యేక విద్యా ఉపాధ్యాయుడిగా ఇరవై మూడేళ్లుగా ఇలాంటి పిల్లలతోనే గడిపాను కాబట్టి, నాకు అనుభవంలో తెలిసినదీ, పరిశోధనలు స్థిరంగా చెబుతున్నదీ కలిపి జవాబు రాస్తున్నాను.

టీచర్ గారూ, ముందు ఆ పట్టిక సంగతి తేల్చుకుందాం. ఇలాంటి పట్టికలు చాలావరకు ఇంగ్లీషు చదివే పిల్లలను చూసి తయారు చేసినవి. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో బి, డి ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉంటాయి కాబట్టి అక్కడ తారుమారు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెలుగు లిపిలో అటువంటి జంటలు దాదాపు లేవు. పైగా ఇంగ్లీషు పిల్లల్లో కూడా ఆరేడేళ్ల వయసు వరకూ అక్షరాలు తిరగేసి రాయడం మామూలే, దాన్ని బట్టి ఎవరికీ డిస్లెక్సియా ఉందని నిర్ధారించరు. డిస్లెక్సియా కంటికి సంబంధించిన దోషమన్న భావన ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఈ స్థితిని మొదట వర్ణించిన వైద్యులు దానికి 'పదాంధత్వం' అని పేరు పెట్టడం నుంచి. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గాన్ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పెర్సీ అనే పద్నాలుగేళ్ల అబ్బాయి గురించి రాశాడు. ఆ అబ్బాయి చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, కానీ తన పేరును కూడా తప్పుగా రాసేవాడు. చదువంతా నోటితో చెప్పే పద్ధతిలోనే సాగితే బడిలో అందరికంటే తెలివైనవాడు అతడే అవుతాడని అతనికి పాఠం చెప్పిన మాస్టారు అన్నాడట. మీరు వర్ణించిన అబ్బాయి గురించి చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ మాస్టారే.

ఆ తర్వాత జరిగిన పరిశోధనలో తేలిందేమిటంటే, చాలామంది పిల్లల్లో అసలు చిక్కు శబ్దం దగ్గర ఉంటుంది. మాటలోని శబ్దాలను విడదీసి పట్టుకోవడం, వాటిని అక్షరాలతో జతచేయడం, ఆ జతను ఆలోచించనవసరం లేనంత వేగంగా గుర్తు తెచ్చుకోవడం అనే మూడు పనుల్లో ఒకటో రెండో వారికి కష్టమవుతాయి. తెలివితేటలతో దీనికి సంబంధం లేదు. కుటుంబాల్లో వంశపారంపర్యంగా కనిపిస్తుంది కాబట్టి తండ్రినో మేనమామనో అడిగితే 'నాకూ చిన్నప్పుడు చదువు ఎక్కలేదండీ' అన్న మాట తరచు వినబడుతుంది. ఎక్కడ గీత గీస్తారన్నదాన్ని బట్టి మారుతుందిగానీ, పిల్లల్లో 5 నుంచి 10 శాతం మందికి ఇది ఉంటుందని సాధారణంగా చెబుతారు.

ఆ లెక్కన మీ ఇరవై ఎనిమిది మందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా ఉండవచ్చు, ఆరుగురూ డిస్లెక్సియా పిల్లలే కావడం మాత్రం అరుదు. గ్రామీణ ప్రాంతాల్లో జరిపే అసర్ సర్వే ప్రకారం దేశంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 50.5 శాతం ఉంటే, కరోనా తర్వాత 2022లో 42.8 శాతానికి పడిపోయారు. అంటే సగానికి పైగా పిల్లలు చదవలేకపోతున్నారు. ఇంతమందికి పుట్టుకతో వచ్చిన ఇబ్బంది ఉండదు. వీరిలో అత్యధికులకు చదవడం ఎలాగో ఎవరూ ఓపికగా, క్రమంగా నేర్పలేదు, అంతే. ఈ రెండు రకాల పిల్లలనూ బయటి నుంచి చూస్తే ఒకేలా కనిపిస్తారు కాబట్టి, ఎవరికి ఏమిటన్నది తేల్చే ముందు చేయవలసిన పని కొంత ఉంది.

మొదటిది చూపు, వినికిడి. నా ఉద్యోగం రెండో ఏట రెండో తరగతి పాప ఒకతె 'బ'కూ 'ప'కూ, 'ద'కూ 'త'కూ తేడా పట్టలేకపోతుంటే, అప్పుడే శిక్షణ ముగించుకొచ్చిన ఉత్సాహంలో ఇది డిస్లెక్సియా అని వాళ్లమ్మతో ఎంతో ధీమాగా చెప్పాను. నాలుగు నెలలు కష్టపడినా ఫలితం కనిపించలేదు. తర్వాత వైద్య శిబిరంలో చూస్తే ఆ పాపకు చెవిపోటు వచ్చి తగ్గి, మళ్లీ వస్తూ, మధ్య చెవిలో నీరు చేరి ఉంది. సగం శబ్దాలు ఆమె చెవికి చేరడమే లేదు. ఆ రోజు నుంచి చెవి, కన్ను పరీక్ష చేయించకుండా నేను ఏ పిల్లవాడి గురించీ ఆ పేరు ఎత్తలేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందం పరీక్షించాల్సిన ముప్పై రకాల సమస్యల్లో చూపు, వినికిడి లోపాలతో పాటు అభ్యసన సమస్యలు కూడా ఉన్నాయి. వారు వచ్చిన రోజున ఆరుగురి పేర్లూ విడిగా రాసి ఇవ్వండి. ఎత్తు, బరువు రాసుకుని వెళ్లిపోనివ్వకండి.

రెండోది హాజరు పట్టీ. ఒకటి, రెండు తరగతుల్లో పిల్లవాడు ఎన్ని నెలలు బడిలో ఉన్నాడు, పత్తి తీతకో ఇటుక బట్టీకో తల్లిదండ్రులతో వలస వెళ్లాడా, మధ్యలో ఎన్ని బళ్లు మారాడు, తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియంలోకి ఎప్పుడు మార్చారు అన్నవి కనుక్కోండి. మూడోది ఇంటి భాష. తండా నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, ఏజెన్సీలో కోయ, గోండి. పట్టణాల్లో ఉర్దూ, ఒడియా, హిందీ. 'చెంబు' అన్న మాటే తెలియని పిల్లవాడు 'చెంబు' చదవలేకపోతే అది చదివే సమస్య కిందికి రాదు. అయితే ఇంట్లో మరో భాష మాట్లాడే పిల్లలకు డిస్లెక్సియా ఉండదని కాదు. ఆ ఇంటి భాషలో ఆ పిల్ల ప్రాసలు పట్టగలదా, పాట వరుస గుర్తుంచుకోగలదా అని వాళ్ల అక్కనో అమ్మనో అడిగితే మంచి ఆధారం దొరుకుతుంది.

ఇంతవరకూ చేస్తే మీ ఆరుగురిలో ముగ్గురో నలుగురో వేరుపడతారు. మిగిలినవారిలో ఏం చూడాలన్నది ఇక అసలు విషయం, ఇక్కడే మన లిపిని మనం సరిగా అర్థం చేసుకోవాలి.

ఇంగ్లీషులో ఒకే అక్షరం రకరకాలుగా పలుకుతుంది, తెలుగులో ఏది రాస్తే దాదాపు అదే పలుకుతాం. ఇలాంటి లిపి ఉన్న భాషల్లో డిస్లెక్సియా తప్పుల రూపంలో కంటే ఆలస్యం రూపంలో ఎక్కువగా బయటపడుతుంది. 1997లో లాండెర్ల్, విమ్మర్, ఫ్రిత్ అనే ముగ్గురు పరిశోధకులు డిస్లెక్సియా ఉన్న ఇంగ్లీషు పిల్లలనూ జర్మన్ పిల్లలనూ పోల్చి చూశారు. ఇంగ్లీషు పిల్లలు తప్పులు ఎక్కువ చేస్తే, జర్మన్ పిల్లలు చాలావరకు సరిగానే చదివారు, కానీ నత్తనడకన చదివారు. నా దగ్గరికి వచ్చిన తెలుగు పిల్లల్లోనూ నేను ఎక్కువగా చూసింది ఇదే. నాలుగో తరగతికి వచ్చేసరికి ఈ పిల్లవాడు అక్షరాలన్నీ గుర్తుపడతాడు, కూడబలుక్కుని మాటను సరిగానే పూర్తిచేస్తాడు, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. 'చదవడం వచ్చు గానీ బద్ధకం' అని మనం అనేది చాలాసార్లు ఇతడినే. మీ అబ్బాయి ఒక వాక్యానికి అర నిమిషం తీసుకుంటున్నాడన్న ఒక్క మాట, మీరు ఆ పట్టికలో వెతికిన లక్షణాలన్నింటికంటే నాకు ముఖ్యంగా తోచింది.

అలాగని తెలుగు లిపి సులభమనుకోవద్దు. ఇంగ్లీషు పిల్లవాడు ఇరవై ఆరు అక్షరాలు నేర్చుకుంటే, మన పిల్లవాడు అచ్చులు, హల్లులతో ఆగకుండా ఒక్కో హల్లుకూ గుణింతం, ఆపైన ఒత్తులు, వాటి మీద మళ్లీ గుణింతం నేర్చుకోవాలి. మన లిపికి అక్క వంటి కన్నడ లిపి మీద సొనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, అక్షరాల మీద పట్టు రావడానికి మామూలు పిల్లలకే ఏళ్లు పడుతుందనీ, నాలుగో తరగతిలోనూ ఆ నేర్చుకోవడం సాగుతూనే ఉంటుందనీ చూపింది. కాబట్టి నాలుగో తరగతి పిల్లవాడు 'జ్ఞానం' దగ్గర తడబడ్డాడని కంగారు పడనక్కరలేదు. తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము వంటి మొదటి మెట్ల దగ్గరే ఇంకా ఆగుతున్నాడా అన్నది చూడాలి.

గుణింతం విషయంలో ఒక జాగ్రత్త చెబుతాను. 'క కా కి కీ' అని రాగయుక్తంగా అప్పజెప్పే పిల్లవాడికి గుణింతం వచ్చినట్టు కాదు, పాట వచ్చినట్టు. వరుస చెడగొట్టి, కాగితం మీద 'కే', 'పు', 'మీ', 'తొ' అని విడివిడిగా రాసి అడగండి. డిస్లెక్సియా ఉన్న పిల్లలు 'కే' దగ్గర ఆగి, లోలోపల 'క కా కి' అనుకుంటూ 'కే' దాకా వచ్చి అప్పుడు పలుకుతారు. వారి పెదవులు కదులుతుంటాయి, గమనించండి. అలాగే పాఠాన్ని కంఠస్థం చేసి, వేలు జరుపుకుంటూ 'చదివే' పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. వాళ్ల కోసం నేను అర్థం లేని మాటలు కల్పించి రాసేవాడిని: 'లుమకి', 'టేబసు', 'గొడిపె'. వీటిని ఎవరూ గుర్తుంచుకుని చదవలేరు, అక్షరం చూసి శబ్దం పలకాల్సిందే. మూడో తరగతి దాటిన పిల్లవాడికి ఇలాంటి పది మాటలు చాలాసేపు పడుతున్నాయంటే అది గట్టి సూచన.

ఒత్తుల దగ్గర మన పిల్లలు చేసే తప్పులు గమనిస్తే లిపి ఎక్కడ మెలిక పెట్టిందో తెలుస్తుంది. 'శక్తి' అన్న మాటలో గుడి 'క' మీద ఉంటుంది, కానీ ఆ ఇకారం పలికేది కింద ఉన్న 'త' తర్వాత. చూసిన వరుసలో చదివే పిల్లవాడు 'శకిత' అంటాడు. వాడి తర్కంలో తప్పేమీ లేదు, కన్ను చూసిన వరుసను నోరు మార్చి పలకాలన్న సంగతి వాడికి ఎవరూ విప్పి చెప్పలేదు. దానికి తోడు త, న, మ, య, ర, ల వంటి హల్లుల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. చదవడంలో ఇబ్బంది లేని పిల్లలు దీన్ని తమంతట తామే పసిగడతారు, డిస్లెక్సియా ఉన్నవారికి ప్రతిదీ చెప్పి, చూపించి, పదేపదే చేయించాలి.

ఇక మీరు ఒంటరిగా పావుగంటలో చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ఒకే స్థాయిలో ఉన్న రెండు చిన్న కథలు తీసుకోండి. మొదటిది మీరు చదివి వినిపించి ఐదు ప్రశ్నలు అడగండి, రెండోది పిల్లవాడినే చదవమని మరో ఐదు ప్రశ్నలు అడగండి. విన్నదానికి ఐదుకు ఐదు చెప్పి, చదివినదానికి ఒకటి మాత్రమే చెబితే సమస్య అక్షరాల దగ్గర ఉంది. రెండింటికీ సరిగా చెప్పలేకపోతే భాషా జ్ఞానం, అవగాహన, శ్రద్ధ వంటి మరో దిక్కున చూడాలి. గడగడా చదివి, అర్థం అడిగితే నీళ్లు నమిలే పిల్లలు కూడా ఉంటారు, వాళ్లది డిస్లెక్సియా కాదు, వాళ్లకు కావలసింది మాటల సంపద, సంభాషణ.

శబ్దాల ఆటలు మరో ఆధారం. పుస్తకం లేకుండా, నోటితోనే ఆడించండి. 'పలక'ను వెనక నుంచి చెప్పు అంటే 'కలప' అని చెప్పగలడా? 'పడవ'లో 'డ' తీసేస్తే ఏం మిగులుతుంది? 'పాట, మాట, చెట్టు'లో ఏది కలవదు? ఇవి ఆరేడేళ్ల పిల్లలు నవ్వుకుంటూ ఆడే ఆటలు. తొమ్మిదేళ్ల పిల్లవాడికి చెమటలు పడుతుంటే రాసుకోండి. దీంతో పాటు తెలిసిన ఐదు బొమ్మలను, అంటే ఆవు, చెట్టు, ఇల్లు, చేప, బంతి వంటివాటిని, అటూ ఇటూ మార్చి నలభై సార్లు ఒక కాగితం మీద అతికించి వేగంగా పేర్లు చెప్పమనండి. పేర్లన్నీ తెలిసి కూడా తోటివాళ్లకంటే చాలా ఆలస్యంగా చెప్పే పిల్లలు వేగంగా చదవడంలోనూ వెనకబడే అవకాశం ఎక్కువ.

వీటన్నింటి తర్వాత కూడా మీరు 'అవును, డిస్లెక్సియా' అని చెప్పలేరు, చెప్పకూడదు. నిర్ధారణ మనస్తత్వ నిపుణుల పని. కానీ ఆ నిర్ధారణ వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవడం అంతకంటే పెద్ద పొరపాటు. ఎందుకంటే చెప్పేవారు లేక వెనకబడినవాడికీ, డిస్లెక్సియా వల్ల వెనకబడినవాడికీ కావలసిన బోధన ఒక్కటే. తేడా మోతాదులో ఉంటుంది. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున ఎనిమిది పది వారాలు పద్ధతిగా చెబితే మొదటివాడు గబగబా అందుకుంటాడు, రెండోవాడు కొంచెం కదులుతాడు. ఆ కదలికలో కనిపించే తేడాయే నిజానికి మీ దగ్గరున్న అత్యుత్తమ పరీక్ష.

ఆ ఇరవై నిమిషాల్లో ఏం చేయాలో నా పద్ధతి చెబుతాను. ఆరుగురినీ ఒకచోట కూర్చోబెట్టి, ఎవరు ఏ అక్షరం దగ్గర ఆగారో తెలుసుకుని అక్కడి నుంచే మొదలుపెట్టండి. మొహమాటపడి నాలుగో తరగతి పాఠం నుంచి మొదలుపెట్టవద్దు. ఒకేసారి మూడు అక్షరాలకు మించి కొత్తవి వద్దు, అవి కూడా చూపులోనూ శబ్దంలోనూ దగ్గరగా ఉన్నవి ఒకే వారంలో వద్దు. 'మ', 'య' పక్కపక్కన నేర్పితే ఇద్దరు కవలలను ఒకేసారి పరిచయం చేసినట్టవుతుంది. నేర్పే అక్షరాన్ని పైకి పలుకుతూ, వేలితో బియ్యంలోనో ఇసుకలోనో దిద్దించండి. అక్షరాభ్యాసం నాడు మనం చేయించేది ఇదే కదా, పళ్లెంలో బియ్యం పోసి, వేలు పట్టుకుని, నోటితో పలికిస్తూ. ఒకటే లోపం, మరునాటి నుంచి ఆ పళ్లెం కనబడదు. చూపు, వినికిడి, పలుకు, స్పర్శ నాలుగూ కలిపి నేర్పే పద్ధతిని అమెరికాలో ఆర్టన్, గిల్లింగ్‌హామ్ అనే ఇద్దరి పేరుతో దాదాపు వందేళ్లుగా డిస్లెక్సియా పిల్లలకు వాడుతున్నారు.

దీర్ఘాలకు, ఏత్వానికి జంట మాటలు బాగా పనిచేస్తాయి: కలం, కాలం, నెల, నేల, మెడ, మేడ. రెండు మాటలు, రెండు బొమ్మలు, మధ్యలో తేడా ఒక్క గుర్తు. ఒత్తులకు నేను ఇంట్లోవాళ్ల పేర్లతో మొదలుపెట్టేవాడిని. అమ్మ, అక్క, అన్న, అత్త, అవ్వ, అయ్య, చెల్లి: చుట్టాలను పిలిస్తే చాలు, ఏడు ఒత్తులు వచ్చేస్తాయి. అవి స్థిరపడ్డాకే 'చక్రం', 'శక్తి' వంటి సంయుక్తాక్షరాల్లోకి వెళ్లాలి. అక్కడ 'శ', 'క్', 'తి' అని మూడు చీటీల మీద రాసి, విడగొట్టి, కలిపి, గుడి ఎవరిదో పిల్లవాడి చేతనే చెప్పించాలి.

తెలుగులో మాటలు పొడుగ్గా సాగుతాయి. 'చెప్పుకుంటున్నప్పుడు' అన్నది ఒకే మాట, ఏడు అక్షరాలు, అందులో నాలుగింటికి ఒత్తో సున్నానో ఉంది. చదవలేని పిల్లవాడు మొదటి రెండు అక్షరాలు చదివి మిగతాది ఊహించేస్తాడు. దీనికి నేను ప్రత్యయాల పట్టీ ఒకటి తయారు చేసి గోడకు అంటించేవాడిని: తున్నాడు, తున్నారు, కుంటూ, నప్పుడు, లోనుంచి, వలసిన. వీటిని చూడగానే ఒకే ముక్కగా పలికేలా అలవాటు చేస్తే సగం మాట ఉచితంగా దొరికినట్టే. ఇంగ్లీషు పుస్తకాల్లో మీకు ఈ సలహా దొరకదు, కానీ తెలుగులో వేగం పెంచడానికి నాకు దీనికి మించిన సాధనం కనబడలేదు.

చివరి ఐదు నిమిషాలు యాభై అరవై మాటల చిన్న పాఠాన్ని చదివించండి. అదే పాఠాన్ని మూడు రోజులు చదివించి, ఫోనులో ఎంతసేపు పట్టిందో చూసి పిల్లవాడి చేతనే నోటు పుస్తకంలో రాయించండి. కేంద్ర ప్రభుత్వ కార్యక్రమమైన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతి చివరికి నిమిషానికి 60 మాటలు చదవాలని ఉంది. పైన చెప్పిన పొడుగు మాటల వల్ల తెలుగులో ఆ అంకెను పట్టుకుని పిల్లలను పోల్చడం నాకు సమంజసమనిపించదు. వాడిని వాడి నిన్నటి సమయంతోనే పోల్చండి.

ఇవన్నీ చేస్తూనే, మిగతా రోజంతా ఆ పిల్లవాడికి తరగతి నరకం కాకుండా చూడాలి. వరుసగా లేపి చదివించేటప్పుడు వాడి వంతు వస్తోందన్న భయంతో ముందు పది నిమిషాల పాఠం వాడి చెవికి ఎక్కదు. వాడు చదవాల్సిన రెండు వాక్యాలను ముందురోజే గుర్తుపెట్టి ఇంటికి పంపండి. పరిసరాల విజ్ఞానంలో జవాబు నోటితో అడగండి, రాసినదాంట్లో విషయం ఒప్పయితే అక్షర దోషాలకు మార్కు కోయకండి. లెక్కల్లో మాటల సమస్యలను చదివి వినిపించండి. మీ అబ్బాయి చిల్లర లెక్కలు తేల్చగలవాడు, ప్రశ్న చదవలేక లెక్కల్లో తప్పితే అది వాడికి అన్యాయం. బోర్డు మీదిది చూసి రాసుకోవడం ఈ పిల్లలకు రెట్టింపు శ్రమ, పక్కవాడి నోటు పుస్తకం చూసుకోనివ్వండి. తప్పు రాసిన మాటను ఇరవై సార్లు ఇంపోజిషన్ రాయించడం మానేయండి. నేను చూసిన పుస్తకాల్లో మూడో సారి నుంచి ఆ మాట మరో తప్పుతో స్థిరపడిపోయి ఉంటుంది.

అధికారిక మార్గం గురించి క్లుప్తంగా చెబుతాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ఉన్నాయి, డిస్లెక్సియా అందులో భాగం. 1995 నాటి పాత చట్టంలో ఉన్న ఏడింటిలో ఇది లేదు. ఎనిమిదేళ్లు నిండిన తర్వాతే ధ్రువపత్రం ఇస్తారు, 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్షించాలి, 18 ఏళ్లకు ఇచ్చినది జీవితాంతం చెల్లుతుంది. పిల్లల వైద్యుడు చూసిన తర్వాత మనస్తత్వ నిపుణులు తెలివితేటల పరీక్ష, చదవడం, రాయడం, లెక్కల పరీక్షలు చేస్తారు. ఇందుకు బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షల సంపుటిని ఎక్కువగా వాడతారు. మీరు మొదట వెళ్లవలసింది మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రానికి, అక్కడి ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులైన ఐఈఆర్‌పీ దగ్గరికి. అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల సమస్యలను పరీక్షించే డీఈఐసీ కేంద్రానికి, తర్వాత వైకల్య ధ్రువపత్రం కోసం పరీక్షించే సదరం శిబిరానికి దారి చూపుతారు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ప్రధానంగా బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం ఏర్పడినదే అయినా, ప్రత్యేక ఉపాధ్యాయులు ఎందరో అక్కడ శిక్షణ పొందినవారే. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, ప్రశ్నలు చదివిపెట్టేవారు, రాసిపెట్టేవారు వంటి వెసులుబాట్లు అడగవచ్చు. సీబీఎస్ఈలో మూడు గంటల పరీక్షకు అదనంగా గంట ఇస్తారు. పదో తరగతికి వచ్చాక పరుగులు పెట్టడం కంటే, కాగితాలు ఏడెనిమిది తరగతుల్లోనే సిద్ధం చేసుకోవడం మంచిది.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు 'వైకల్యం' అన్న మాటతో మొదలుపెట్టకండి. చట్టానికి ఆ మాట అవసరం, కూరగాయల బండి దగ్గర నిలబడ్డ తండ్రికి అది పిడుగు. ఆడపిల్లల విషయంలో 'రేపు పెళ్లికి అడ్డం కాదా సార్' అని కాగితమే వద్దన్న తల్లులు నాకు తారసపడ్డారు. వారిని తప్పుపట్టలేదు, ఇరవై నిమిషాల బోధనకు కాగితం అక్కరలేదు కాబట్టి అది మాత్రం ఆపలేదు. వాడు ఏం బాగా చేస్తాడో ముందు చెప్పండి, తర్వాత ఎక్కడ ఆగుతున్నాడో చూపించండి, ఇది బద్ధకం వల్ల కాదని తండ్రికి స్పష్టంగా చెప్పండి. ఎందుకంటే ఆ ఇంట్లో వాడికి పడుతున్న దెబ్బల్లో సగం ఆ ఒక్క అపోహ వల్లే పడుతుంటాయి.

డబ్బు పోయే దారులు కూడా చెప్పి ఉంచండి. రంగు కళ్లద్దాలు, కంటి కసరత్తులు డిస్లెక్సియాను నయం చేస్తాయనడానికి ఆధారం లేదని అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం, కంటి వైద్యుల సంఘాలతో కలిసి 2009లోనే ప్రకటించింది. జ్ఞాపకశక్తి సిరప్‌లకూ అంతే. చూపు మందగిస్తే అద్దాలు తప్పకుండా పెట్టించాలి, అవి చూపు కోసం. డిస్లెక్సియాకు మందు లేదు. పెద్దయ్యాక కూడా చదవడం కొంత నెమ్మదిగానే ఉండవచ్చు, కానీ సరిగా నేర్పితే చదువుకోగలరు, చదువుకున్నవారు నాకు తెలుసు.

ఇంగ్లీషు గురించి మీరు అడగలేదు, అయినా ఆ తండ్రి అడుగుతాడు కాబట్టి చెబుతున్నాను. తెలుగులోనే అర నిమిషానికి ఒక వాక్యం చదివే పిల్లవాడికి, ఉచ్చారణకూ రాతకూ పొంతన తక్కువైన ఇంగ్లీషు ఇంకా బరువు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి ముందు తెలుగు చదవడం మీద పట్టు రావాలి, అక్షరానికీ శబ్దానికీ ఉన్న లంకె ఒక భాషలో బిగిస్తే రెండో భాషకు అది ఉపయోగపడుతుంది. ఈ లోపు ఇంగ్లీషును చెవితో, నోటితో నేర్పవచ్చు. బడి మారిస్తేనో మీడియం మారిస్తేనో బాగుపడతాడని ఏడాదికో బడి తిప్పితే మాత్రం, ప్రతిచోటా మొదటి ఆరు నెలలు వాడిని అర్థం చేసుకోవడానికే సరిపోతాయి.

ఇక మీ అబ్బాయి విషయానికి వస్తే, మీరు రాసినదాన్ని బట్టి వాడిని పరీక్షకు పంపదగినవాడిగానే నేను భావిస్తున్నాను. సోమవారం నుంచి ఆరుగురితో పని మొదలుపెట్టి, ప్రతి శుక్రవారం ఒకే రకం పాఠానికి ఎంత సమయం పట్టిందో, ఏ మాటల దగ్గర ఆగాడో, 'శక్తి'ని ఏమని చదివాడో తేదీ వేసి రాసి పెట్టుకోండి. పది వారాల తర్వాత భవిత కేంద్రానికి వెళ్లేటప్పుడు ఆ నోటు పుస్తకం, వాడి హాజరు వివరాలు, కన్ను, చెవి పరీక్షల చీటీలు వెంట తీసుకెళ్లండి. పరీక్షించేవారు వాడిని చూసేది ఒకటి రెండు గంటలే, మీరు చూసిన పది వారాలు వారికి ఆ పుస్తకంలోనే దొరుకుతాయి.